పక్క కుర్చీ అక్క

మొన్న ఉప్పల్ రోడ్డు మీద ఆటోలో ఇరుక్కుపోయి ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మెట్రో కోసం నడిరోడ్డు తవ్వేశారు. లేచిన స్తంభాలకు కొత్త రాష్ట్రం శుభాకాంక్షల ఫ్లెక్సీలు కట్టారు. దుమ్ములో ఏ బండీ కదలడం లేదు.

"అక్కా, అమ్మ పోయింది," అంది అవతలి గొంతు.

పేరు చెప్పలేదు. నాకు అవసరం పడలేదు.

"నాలుగొద్దులాయె. నిద్రల్నే పోయింది. నీకు చెప్పాల్నని ఉండె గని నంబరు దొరకలే. ఇయ్యాల అమ్మ చీరల నడుమ నీ నంబరున్న కాగితం దొరికింది. ఎప్పుడో నేనే రాసిచ్చిన."

ఆ పిల్ల ఇప్పుడు ఒక పెద్ద దవాఖానాలో స్టాఫ్ నర్సు. తల్లిని చివరిదాకా తన దగ్గరే ఉంచుకుంది. ఆ తల్లి చదవలేని కాగితాన్ని ఇన్నేళ్ళు చీరల మధ్య దాచుకుంది. ఫోన్ పెట్టేశాక డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, "ఎవరన్న పోయిన్రా అమ్మా?" అని అడిగాడు.

"మా పక్క కుర్చీ ఆమె," అన్నాను. అతనికి అర్థం కాలేదు. అంతకంటే దగ్గరి వరస నాకు తోచలేదు.

నాచారం పారిశ్రామికవాడలో ఇంజెక్షన్ మందు నింపే ఒక చిన్న కంపెనీ ఉండేది. మందు నింపిన గాజు సీసాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి, లోపల నలుసు ఉందా లేదా చూసే పని ఆడవాళ్ళది. ఒక్కొక్కరి ముందు ఒక ట్యూబ్‌లైటు, దాని వెనక సగం తెల్లగా సగం నల్లగా ఉన్న పలక. జనగామ వైపు నుంచి వచ్చిన కొత్తలో, పాపకు ఏడాది దాటాక నేను ఆ పనిలో చేరాను. మా ఆయన పక్క వీధిలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. మొదటి రోజు నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టారు. అప్పటికి ఆమె ఆ పలక ముందు పదకొండేళ్ళుగా కూర్చుంటోంది.

"మెడ కాడ పట్టాలె, కడుపు కాడ గాదు," అంది. "జర తిప్పు. గిర్రున గాదు, పాలల్ల చక్కెర కలిపినట్టు. తెల్లదాని మీద నల్లది చూడు, నల్లదాని మీద తెల్లది చూడు. అనుమానమొచ్చిందా, ఎర్ర డబ్బల వెయ్యి."

"అనుమానానికే పారేస్తే ఎట్లక్కా?"

"గిది ఎవరి నరంలకు పోతదో నీకెర్కనా నాకెర్కనా? నీ బిడ్డకే అనుకో. అప్పుడు చూడు చెయ్యి ఎట్ల ఆగుతదో."

ఆ పని ఆమె ఒంట్లోకి ఇంకిపోయింది. మంచినీళ్ళ గ్లాసును కూడా ఒకసారి తిప్పి, వెలుతురుకు ఎత్తి, అప్పుడు తాగేది. కూరగాయల బండి దగ్గర టమాటాను తొడిమ దగ్గర పట్టుకుని తిప్పేది. గల్లీలో పిల్లలు బడికి పోతుంటే అరుగు మీద నుంచి, "పెన్ను చెక్ జేస్కున్నవా? బ్యాడ్జీ చెక్ జేస్కున్నవా?" అని అరిచేది. మాట్లాడే ముందు రెండు చేతులతో పైట పిన్ను సర్దుకునేది. ఎవరైనా ఆంటీ అంటే పలికేది కాదు. భర్త ఎప్పుడో చనిపోయాడు. ఒక్కతే కూతురు, హనుమకొండలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. మూడో ఏడు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. మాట్లాడేటప్పుడు మన ముఖంలోకి చూసేది కాదు, చెవి పక్కగా ఎక్కడో చూసేది. కంపెనీలో కొందరు పొగరు అనుకునేవారు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను.

నవంబరు చివర్లో ఒకరోజు ఆమె చూసి పంపిన ట్రే నా మోచేతికి తగిలి ఒరిగింది. సర్దుతుంటే ఒక సీసాలో ఏదో మెరిసింది. పలకకు పట్టి తిప్పాను. గాజు ముక్క. సన్నగా, గోరు చివరంత. అది కనిపించకపోవడానికి వీల్లేదు. పక్క సీసా తీశాను. అందులో నూలుపోగు తేలుతోంది. ఏమీ అనకుండా రెండూ ఎర్ర డబ్బాలో వేశాను. ఆమె పెదవులు కదుపుతూ ఏదో పాట పాడుకుంటూ, లెక్క తప్పకుండా, ఒక్కొక్క సీసా ఎత్తి తిప్పి దించుతూనే ఉంది. పదకొండేళ్ళ చేయి, చూపు లేకపోయినా పని చేసుకుపోతోంది.

సాయంత్రం నడిచి ఇంటికి వస్తూ అడిగాను. ఆమె గోడ పక్కన ఆగి, "నడిమిట్ల మచ్చ," అంది. "నువ్వు నిలబడ్డవని కనిపిస్తది. చుట్టూరు గోడ, చెట్టు, పోయే బండి అన్ని కనిపిస్తయ్. దేన్ని చూస్తనో గదొక్కటే కనిపియ్యది. నీ మొఖం ఉండాల్సిన కాడ ఏం లేదు."

"డాక్టరు?"

"చూపిచ్చిన. ఎనకకు రాదన్నడు. ఇంకింత పోతదట."

"మరి కంపెనీల కండ్ల పరీక్ష పెడ్తరు గదా అక్కా?"

"లైన్ల నిలబడి ముందటోళ్ళు చదివింది విని పాఠం చేస్కున్న."

అప్పుడు నా చేయి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. "క్రిస్మస్ దాంక ఆగు. బిడ్డ వస్తది, పండుగ చేస్కొని పోతది. దానికి తెలిస్తే సదువు ఇడిసిపెట్టి నా కాడ కూసుంటది. మొండిది. ఇంకారు నెల్లయితే అయిపోతది దాని సదువు. పండుగ కాంగనె నేనే మానేస్త, దేవుని తోడు. నాలుగు వారాలు."

సరేనన్నాను. ఆ మర్నాటి నుంచి ఆమె ట్రేలన్నీ నేను మళ్ళీ చూడడం మొదలుపెట్టాను. నా పని వెనకబడింది. సూపర్‌వైజర్ మేడం రెండుసార్లు అందరి ముందు తిట్టింది. పక్క కుర్చీలోంచి అక్క అన్నీ విని, టీ వేళ నా గ్లాసులో తన సగం టీ పోసేది. కానీ అన్ని సీసాలు నేను చూడలేకపోయేదాన్ని. కొన్ని నా చేతికి రాకముందే పెట్టెల్లోకి పోయేవి.

డిసెంబరు మొదటి వారంలో మా పాపకు జ్వరం వచ్చి తగ్గలేదు. దవాఖానాలో పడుకోబెట్టారు. మధ్యాహ్నం నర్సమ్మ వచ్చి చిన్న సీసా మెడ విరిచి, సూదిలోకి మందు లాగింది. పాప చేయి నేనే పట్టుకున్నాను. ఆ మందు ఏ కంపెనీదో నాకు తెలియదు. ఆ సీసాను ఎవరు చూశారో తెలియదు. సూది గుచ్చుతుంటే, "ఒక్కసారి వెలుతురుకు పట్టి చూడున్రి," అని అరిచాను. నర్సమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

పాపకు తగ్గింది. మళ్ళీ పనికి పోయిన పొద్దున నేను నా కుర్చీ దగ్గరికి పోలేదు. తిన్నగా మేడం గదిలోకి పోయి చెప్పేశాను.

గంట తర్వాత ఆమెను పిలిచారు. ఒక కార్డు మీది అక్షరాలు చదవమన్నారట. ఈసారి ముందు చదివేవాళ్ళెవరూ లేరు. బయటికి వచ్చి, తలకు కట్టుకున్న టోపీ విప్పి, మడిచి, కుర్చీ మీద పెట్టింది. లైను పొడుగునా ఆడవాళ్ళు చేతులాపి చూస్తున్నారు. ఎవరినీ చూడకుండా, తల కొద్దిగా పక్కకు తిప్పుకుని, తలుపు దాకా నడిచి వెళ్ళిపోయింది. ఆమె చూసిన పెట్టెలన్నీ బయటికి పోకుండా ఆపి, మూడు రోజులు మాతో మళ్ళీ చూపించారు. ఎన్నింట్లో నలుసులు దొరికాయో నేను ఇక్కడ చెప్పను.

ఆ సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఆమె. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. పైట పిన్ను సర్దుకుంది.

"పాపకు ఎట్లున్నది?"

"తగ్గింది."

"ఐతారం స్టార్ కొననీకి పోవాలె. నాకు రంగులు తెలుస్తలెవ్వు. వస్తవా?"

వస్తానన్నాను.

అక్కడి నుంచి పండుగ దాకా నేను ఆమెకు కళ్ళయ్యాను. ఇద్దరం పక్కపక్కనే నడిచాం, బస్సులెక్కాం, దుకాణాలు తిరిగాం. మేడంకు ఎవరు చెప్పారన్న మాట మాత్రం మా మధ్య రాలేదు. ప్రతి ఏడూ ఇల్లు ఎట్లా ఉంటుందో ఈ ఏడూ అట్లాగే ఉండాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. కూతురు గడప దాటి లోపలికి రాగానే ఏ ఒక్కటీ తేడాగా కనిపించకూడదు.

స్టార్ల దుకాణంలో నేను రంగులు చెబుతుంటే ఎర్ర కాగితానిది ఎంచింది. దానికి ఒక మూల చిరిగి ఉంది. నేను చెప్పేలోపే ఆమె వేళ్ళు ఆ చిరుగు దగ్గరికి పోయాయి. "ఇది వద్దు. పోయినేడుది గిట్లనే చిరిగితే బిడ్డ నవ్వింది," అంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చీర కోసం మూడు గంటలు తిరిగాం. "చిలకపచ్చది కావాలె. దానికి నేను చిలకపచ్చల ఉంటే ఇష్టం," అంది. దుకాణం అబ్బాయి ఇద్దరం బయటికి వస్తుంటే, "కట్టేది ఆమె గని, నీకే నచ్చాలె అన్నట్టున్నది అక్కా," అని నాతో నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. మెట్లు దిగాక నా భుజం పట్టుకుని కొంచెంసేపు నిలబడిపోయింది.

గోడలకు నీలం కలిపిన సున్నం వేశాం. ఆమె బ్రష్షు పట్టుకుంటే నేను వెనక నిలబడి, "ఇంక జర కింద, అగో ఆడ తప్పింది," అంటూ ఉన్నాను. గులాబీ పువ్వులు మాత్రం నన్ను చేయనివ్వలేదు. ఇనప అచ్చును పిండిలో ముంచి, మరిగే నూనెలో పెట్టి, పువ్వు విడిపోయేదాకా ఊపాలి. ఆమె చెవి నూనె మీదికి వంచింది. "సప్పుడు తగ్గిందంటే కాలిందన్నట్టు," అంది. ముప్ఫై దాకా చక్కగా వచ్చాయి. ఆ తర్వాత అచ్చు బాండీ అంచుకు తగిలి నూనె చిందింది. మణికట్టు మీద వేలంత మేర బొబ్బ పొంగింది. అరవలేదు. చేతిని నీళ్ళలో పెట్టి, "బిడ్డ అడిగితే కుక్కర్ ఆవిరి అని చెప్త. నువ్వు గూడ గదే చెప్పు," అంది. మిగతా పిండి అట్లాగే ఉండిపోయింది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, శబ్దం లేకుండా ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. మేడంకు చెప్పింది నేనేనని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

అసలు ఆపద చర్చిలో వచ్చింది. మా వెనక వీధిలో రేకుల కప్పు వేసిన చిన్న చర్చి. ఏటా క్రిస్మస్ పొద్దున వాక్యం ఆమే చదివేది. ఏటా అదే భాగం, పసిబిడ్డ పుట్టుక, గొర్రెల కాపరులు. అది ఆమెకు నోటికి వచ్చు కాబట్టి భయపడలేదు. కానీ ఆ ఏడు కొత్తగా వచ్చిన పడుచు పాస్టరు, ఈసారి వేరేది చదువుదామన్నాడు. యేసు తాత ముత్తాతల పేర్లు, వరసగా, తరాల తరబడి. చదవనంటే ఎందుకంటారు. ఎందుకంటే చెప్పాలి. చెబితే సాయంత్రానికి కూతురికి తెలుస్తుంది.

ఎనిమిది సాయంత్రాలు ఆమె గడపలో కూర్చుని ఆ పేర్లు చదివాను. మా ఇంట్లో పూజలే తప్ప ఆ పుస్తకం ఎన్నడూ పట్టుకోలేదు. ఆ పేర్లు నాకే నోరు తిరిగేవి కావు. నేను తప్పు పలికితే ఆమె దిద్దేది. ఆమె మరిచిపోతే నేను అందించేదాన్ని. పాప మా మధ్య తిరుగుతూ పేజీలు లాగేది. చివరికి ఒక ఉపాయం పట్టింది. కంపెనీ లైనులో తలుపు దగ్గర నుంచి ఒక్కొక్క కుర్చీకి ఒక పేరు కట్టింది. "తలుపు కాడి పెద్దమ్మకు అబ్రహాము, పక్కన చిట్టికి ఇస్సాకు," అని వేళ్ళ మీద లెక్కబెట్టుకుంటూ, తనను పంపించేసిన ఆ గదిలో మనసులో రోజూ అటు చివరి దాకా నడిచేది.

పండుగకు నాలుగు రోజుల ముందు కూతురు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తల్లి నడకే. వచ్చిన మర్నాటి నుంచి తల్లి పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకుని డ్యూటీకి పోయినట్టు పోయేది. ఎక్కడికని అడిగాను.

"దవాఖానా వరండాల కూసుంట. ఆడ ఎందరో కూసుంటరు. ఎవ్వరు ఎందుకొచ్చినవని అడగరు."

క్రిస్మస్ పొద్దున నేను పాపను ఎత్తుకుని చర్చిలో ఆడవాళ్ళ వైపు వెనక చాప మీద కూర్చున్నాను. చిలకపచ్చ చీరలో ఆమె లేచి ముందుకు పోయింది. నేను రిబ్బను పెట్టిన చోట పుస్తకం తెరిచి ఎదకు ఎదురుగా పట్టుకుంది. మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరు తొణకకుండా, నిదానంగా, సీసాలు ఎత్తి దించినట్టు. సగం దాటింది.

ఆగింది.

దగ్గింది. పేజీ తిప్పబోయి మానేసింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. పాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు. అప్పుడు ముందు వరసలోంచి కూతురు లేచి పోయి, తల్లి పక్కన నిలబడి, పేజీ మీద వేలు పెట్టి, ఆగిన పేరు దగ్గర నుంచి చివరి దాకా చదివింది. తల్లి పెదవులు ఆ గొంతు వెంట ఒక్క పేరు వెనకగా కదులుతూ వచ్చాయి.

బయట షామియానా కింద అందరూ చేతులు కలుపుతూ పండుగ శుభాకాంక్షలు చెప్పుకుంటుంటే కూతురు తల్లిని గోడ పక్కకు తీసుకుపోయింది. నేను వెంట పోయాను.

"అమ్మా, నా మొఖం మీద ఏమున్నదో చెప్పు."

ఆమె తల అటూ ఇటూ తిప్పింది. "ఏమున్నది? పౌడరా?"

"అద్దాలు. నాకు కండ్లద్దాలొచ్చినయ్ అమ్మా. పెట్టుకొని నాలుగొద్దుల సంది నీ ముందట్నే తిరుగుతున్న. నువ్వొక్క మాట అనలే. ఎప్పటి సంది కనిపిస్తలేదు నీకు?"

ఆ అద్దాలు నేను మొదటి రోజే చూశాను. చెప్పాలని నాకు తట్టలేదు. రంగులు చెప్పాను, చిరుగులు చెప్పాను, ఎదురుగా వచ్చిన బిడ్డ ముఖం మీద ఏముందో చెప్పలేదు.

"నీ పక్క కుర్చీ కాడ, నా కుర్చీ కాడ ఆగిపోయిన," అంది ఆమె నా వైపు తిరిగి, పేర్ల గురించి.

ఆమె భయపడ్డదంతా జరిగింది. కూతురు ఇక పోనంది. ఇక్కడే ఏదైనా పని చూసుకుంటానంది. వారం రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. గులాబీ పువ్వులు డబ్బాలో మెత్తబడ్డాయి. జనవరి మొదట్లో ఒక పొద్దున ఆమె తడుముకుంటూ కూతురి పెట్టె సర్దింది. "నా కండ్లు పోయినయ్. నీ సదువు గూడ పోతే ఇగ నాకేం మిగుల్తదే? నడువు. నేనే దింపొస్త," అంది. అట్లా అంటూ కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది. తల్లి తన కాళ్ళు పట్టుకోబోతోందని తెలిసి ఆ పిల్ల లేచి చెప్పులు వేసుకుంది. పోయే ముందు నా దగ్గరికి వచ్చి, "వాపసు ఒక్కతే వస్తదట. ఎంత చెప్పినా ఇంటలేదు. ఉప్పల్‌ల దిగుతది. జర పోతవా అక్కా?" అంది.

పొద్దు గుంకే వేళకు ఉప్పల్ చౌరస్తాకు పోయాను. మూడు హనుమకొండ బస్సులు పోయాక నాలుగో దాంట్లోంచి దిగింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఎందుకో వెంటనే ముందుకు పోలేకపోయాను. జనం ఆమెను రాసుకుంటూ పోతున్నారు. రెండు చేతులతో పైట పిన్ను సర్దుకుంది. తర్వాత, ఎవరికని కాదు, గట్టిగా అంది.

"నాకు కండ్లు కనిపియ్యవు. నాచారం పోయే బస్ వస్తే జర ఎవరన్న చెప్పున్రి."

పదిమంది తిరిగి చూశారు. ఎవరో ముసలాయన, "సరేనమ్మా, ఈడ నిలబడు," అన్నాడు. ఆ మాట ఆమె నోట బయటివాళ్ళ ముందు నేను వినడం అదే మొదటిసారి. పోయి చేయి పట్టుకున్నాను.

"నేనే అక్కా."

"ఎప్పటి సంది ఉన్నవ్?"

"శానాసేపాయె. బిడ్డ?"

"గేటు లోపటికి పోయింది. ఏడ్సుకుంట పోయింది. పోయింది గదా, చాలు."

ఇక ఆగలేకపోయాను.

"అక్కా, మేడంకు చెప్పింది నేనే."

"ఎర్కే."

"ఎట్ల?"

"ఆ పొద్దటి సంది నువ్వు నన్ను అక్కా అనలే. ఇయ్యాలనే అన్నవ్."

"మరి స్టార్ కొననీకి, చీర కొననీకి నన్నెందుకు పిలిచినవ్?"

"ఇంకెవర్ని పిలుద్దునే?"

"కోపం లేదా నా మీద?"

ఆమె నా ముఖం వైపు తిరిగింది. ఎప్పటిలా నా చెవి పక్కగా చూసింది. చేయి మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు.

"ఉన్నది," అంది. "మస్తున్నది. నాచారం బస్ వస్తే చెప్పు."